మా గల్లీలో అంతా ఖైరియత్

మా గల్లీ దవాఖానలో మనుషుల కంటే ముందు చెప్పులు వరుస కడతాయి. శాలిబండ మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగితే, చాయ్ హోటల్ పక్కన, ఒకప్పుడు కమ్యూనిటీ హాలుగా ఉన్న రెండు గదులే ఆ దవాఖాన. తెల్లారగానే ఎవరికి వాళ్లు వచ్చి తలుపు ముందు చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో ఇంటికి పోయి పనులు చూసుకుంటారు. డాక్టరమ్మ వచ్చాక ఎవరి చెప్పుల వెనక వాళ్లు వచ్చి నిలబడతారు. ప్రభుత్వం వాళ్లు టోకెన్ మిషన్ కూడా ఒకటి ఇచ్చారు. అది వచ్చిన వారానికే మూగబోయింది. దాని మీద గుడ్డ కప్పి, పైన మంచినీళ్ల సీసా పెట్టుకున్నారు.

ఆ వరుసలో ఒంటి చెప్పు కనిపిస్తే అది మా అత్తమ్మది. ఎడమ కాలికి కట్టు ఉండేది కాబట్టి ఆ కాలికి చెప్పు పట్టేది కాదు. నేను పాల ప్యాకెట్టుకు పోతూ ఆమె కుడి చెప్పు ఒక్కటే తీసుకెళ్లి వరుసలో పెట్టి వచ్చేదాన్ని. ఒంటి చెప్పును ఎవరూ పక్కకు జరిపేవాళ్లు కాదు. మొఘల్‌పురా మలుపులో కూర్చుని ఏళ్ల తరబడి పూలు అమ్మిన మనిషి ఆమె. ఈ గల్లీలో పెళ్లి జరిగినా, దర్గాకు చాదర్ పోయినా ఆమె పూలే పోయేవి. ఆ మర్యాద చెప్పుకు కూడా దక్కింది.

ఆమెకు షుగర్. కొత్త చెప్పు కరిచిన చోట పొక్కు లేచింది, పొక్కు పుండైంది, పుండు మానడం మరిచిపోయింది. దవాఖాన సిస్టర్ రోజు విడిచి రోజు దాన్ని కడిగి, మందు పెట్టి, కట్టు కట్టేది. దూది, గాజుగుడ్డ అయిపోయాయని ఆమె మొహం వేలాడేసిన రోజుల్లో నేను మల్లు గుడ్డ ముక్కలు ఉడకబెట్టి, ఆరబెట్టి ఇచ్చేదాన్ని. నాది టైలరింగ్ కదా, ఇంట్లో గుడ్డకు కరువు లేదు. ప్రజారోగ్యానికి నిధులు పెంచామని టీవీలో చెప్పిన ప్రతిసారీ మా దవాఖాన గోడకు రంగు మారేది. తెలుపు పోయి నీలం వచ్చింది, నీలం పోయి గులాబీ వచ్చింది. ఆ రంగుల్లో ఒక్క డబ్బా తగ్గించి దూది కొంటే గోడ ఏమైనా అలుగుతుందా అని నేను అడిగితే సిస్టర్ నవ్వి ఊరుకునేది.

"పుండు ఎర్రగ ఉన్నన్ని రోజులు ఫికర్ లేదు అమ్మమ్మా," అని ఆ సిస్టర్ ప్రతిసారీ చెప్పేది. "నల్లగైతే మాత్రం వేళ్లు పోతయ్. వేళ్లతోని ఆగుతదో, పాదం పోతదో చెప్పలేం. అందుకే కట్టు తప్పొద్దు."

అత్తమ్మ తప్పలేదు. వాన పడినా, పండగొచ్చినా ఒంటి చెప్పు వరుసలో ఉండాల్సిందే. 

ఇట్లా ఉండగా పెద్దసారు వస్తున్నారని కబురొచ్చింది. పై ఆఫీసు నుంచి వస్తున్నారట, దవాఖానలన్నీ స్వయంగా చూస్తున్నారట. ఏ దవాఖానకు ఎంత డబ్బు ఇవ్వాలి, ఎక్కడ డాక్టరును ఉంచాలి, ఎక్కడ అక్కర్లేదు అని తేల్చడానికి వస్తున్నారన్న సంగతి మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు. చెప్తే మేము తెలివిమీరిపోమూ? మాకు తెలిసిందల్లా ఇంటికి మెహమాన్ వస్తున్నాడని. ఇక చూడండి మా గల్లీ హడావుడి.

చాయ్ హోటల్ భాయ్ పెద్దమనిషి. తాత కాలం నుంచి అదే హోటల్, అదే గల్లా పెట్టె. అతిథి అంటే ప్రాణం పెడతాడు. ముందురోజు సాయంత్రమే గల్లీ అంతా తిరిగి అందరినీ హెచ్చరించాడు. "రేపు ఒక్క పొద్దు దవాఖానకు ఎవ్వరు రావొద్దు. చెప్పులు గిట్ల పడేస్తే మంచిగుండదు. పెద్ద సాబ్ వస్తున్నడు, మన పరువు ముచ్చట, గల్లీ ఇజ్జత్ కా సవాల్."

"భాయ్, దవాఖానల పేషెంట్లు లేకుంటే సారు ఏం చూస్తడు? గోడ రంగు చూస్తడా?" అని నేనడిగాను. పైగా మర్నాడు అత్తమ్మ కట్టు మార్చాల్సిన రోజు.

"భాభీ, నువ్వు ప్రతిదానికి లొల్లి పెడ్తవ్," అన్నాడాయన నొచ్చుకుని.

ఆయన సంగతి సరే. అత్తమ్మే అడ్డం తిరిగింది. "నేను రేపు పోను. ఇంటికొచ్చిన సుట్టానికి పుండు సూపెడ్తరా ఎవరన్న? ఆయన అన్నం తినేటోడా కాదా? ఒక్క పొద్దుకు ఏమైతది?"

నాకు ఒళ్లు మండింది. చుట్టం దవాఖానకు వచ్చేది పుండ్లు చూడటానికి కాకపోతే పూలు చూడటానికా అన్నాను. పూలమ్మిన మనిషితో ఆ మాట అనకూడదు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు గల్లీ పెళ్లికొడుకులా తయారైంది. మోరీ పక్కన ముగ్గుపొడి చల్లారు. కుక్కలను అవతలి గల్లీకి తరిమారు. ముసలివాళ్లు దగ్గు వస్తే నోట్లో కొంగు కుక్కుకుని ఇళ్లలోనే దగ్గారు. డాక్టరమ్మను ఆ రోజే ఇంకో చోట క్యాంపుకు పంపారు, అంత ముందుచూపు మా వాళ్లకే సాధ్యం. దవాఖాన గుమ్మం అద్దంలా మెరుస్తోంది. ఒక్క చెప్పు లేదు. 

నేను హోటల్ పక్క అరుగు మీద నిలబడి చూశాను. పెద్దసారు కారు దిగారు, మంచి మనిషిలాగే ఉన్నారు. లోపలికి వెళ్లి ఖాళీ బెంచీలను చూశారు. బయటికి వచ్చి, చాయ్ భాయ్ అందించిన కప్పు తీసుకుని, బిస్కెట్టు ముంచుకుని తిన్నారు. ఆ తర్వాత అడిగారు. "ఏమండీ, ఇక్కడ అంతా బాగేనా? పేషెంట్లు పెద్దగా లేనట్టున్నారు?"

చాయ్ భాయ్ గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి మరీ చెప్పాడు. "అల్లా కా కరమ్ హై సాబ్. మీ దయతోని మా గల్లీల అంతా ఖైరియత్."

అంతే. ఈ ఊళ్లో ఎవరైనా బాగున్నావా అంటే ఇచ్చే జవాబు అదొక్కటే. ఇల్లు కూలినా, ఒంట్లో జ్వరం కాలిపోతున్నా ముందు ఖైరియత్ అనాలి, ఆ తర్వాత చాయ్ తాగాలి, ఆ తర్వాత మెల్లగా అసలు కథ చెప్పాలి. పెద్దసారుకు మొదటి రెండింటికే టైముంది. సిస్టర్ ముందుకొచ్చి, "సార్, రోజూ అయితే మస్తు మంది..." అని మొదలుపెట్టిందో లేదో, సారు వెంట వచ్చిన చిన్నసారు ఆమెను కళ్లతోనే ఆపేశాడు. రిజిస్టర్ చూడొచ్చు కదా అంటారేమో. అదంతా ట్యాబ్‌లోకి ఎక్కించారు. ఆ ట్యాబ్‌కు సిగ్నల్ రావాలంటే మేడ ఎక్కి ట్యాంకు పక్కన చెయ్యెత్తి నిలబడాలి. పెద్దసారు మేడలెక్కే తీరిక లేని మనిషి. కళ్ల ముందున్నదే నమ్మారు, పాపం.

కారు కదిలాక చాయ్ భాయ్ మీసం దువ్వుకున్నాడు. గల్లీ ఇజ్జత్ నిలబడిందట.

నెల తిరగకుండానే సిస్టర్‌ను బార్కస్ వైపు వేశారు. అక్కడ జనం ఎక్కువట, ఇక్కడ లేరట. డాక్టరమ్మ వారానికి ఒక్క పూట వచ్చేది, అదీ కొన్నాళ్లే. ఆ తర్వాత తలుపుకు తాళం పడింది. గులాబీ గోడ మాత్రం నిగనిగలాడుతూ ఉంది. మేము గుంపుగా ఆఫీసుకు పోతే, అక్కడి క్లర్కు బాబు చాలా ప్రేమగా మాట్లాడాడు. "మీది చాలా ఆరోగ్యకరమైన బస్తీ అమ్మా. ఉన్న నిధులు అవసరం ఉన్నచోట వాడాలి కదా? మీరే అర్థం చేసుకోవాలి." అర్థం చేసుకుని ఇంటికొచ్చాం.

కట్టు నేనే కట్టడం మొదలుపెట్టాను. సిస్టర్ ఫోన్లో చెప్పినట్టే కడిగాను, చెప్పినట్టే చుట్టాను. జాకెట్టుకు చంక బిగుతు పట్టగలను గానీ, పుండు లోపల ఏం జరుగుతోందో నాకేం తెలుస్తుంది? ప్రైవేటు క్లినిక్‌కు కొన్నిసార్లు తీసుకెళ్లాం, మా ఆయన బస్ డిపో జీతం ఓర్చుకున్నంతవరకు. ఇంతలో వానలు దిగాయి. మోరీ పొంగి నీళ్లు గడప దాటి వచ్చాయి. మంచం మీద కూర్చున్న మనిషి కాలు కింద పెట్టకుండా ఎంతసేపు ఉంటుంది?

ఒక ఉదయం కట్టు విప్పితే బొటనవేలి పక్క వేలు నల్లగా ఉంది. దాని పక్కది నల్లబడుతోంది. అత్తమ్మ నా మొహం చూసి, "ఎర్రగున్నదా పిల్లా?" అని అడిగింది. నేను దాని మీద శుభ్రమైన గుడ్డ కప్పి, ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తాను.

షేర్ ఆటోలో పెద్ద దవాఖానకు పోయాం. అక్కడ వరండా నిండా జనం. చెప్పులు వరుసలో పెట్టి ఇంటికి పోయే సౌకర్యం లేదు, ఎవరి నొప్పి పక్కన వాళ్లే కూర్చోవాలి. చివరికి ఒక కుర్ర డాక్టరు చూసి విసుక్కున్నాడు. "ఇన్ని రోజులు ఏం చేస్తున్నరు? మీ దగ్గర దవాఖాన లేదా?"

"ఉన్నది సార్," అన్నాను. "మా గల్లీల అంతా ఖైరియత్ అని బంద్ పెట్టిండ్రు."

నేను వెటకారం చేస్తున్నాననుకున్నాడు. వెటకారమేగానీ, అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

రెండు వేళ్లు తీసేశారు. పాదం నిలబడుతుందని ఇప్పటికీ ఖాయంగా చెప్పలేదు, కట్టు తప్పొద్దని మాత్రం చెప్పారు. చాయ్ భాయ్ ఫ్లాస్కు పట్టుకుని వార్డుకు వచ్చాడు. మంచం పక్కన నిలబడి, ఆ కాలి వైపు చూసి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నా నోరు పడిపోను అమ్మా. గా పొద్దు నేనే అన్న."

నేను ఎన్నో మాటలు దాచిపెట్టుకున్నాను ఆయన కోసం. ఆ ఏడుపు చూశాక స్టూలు ఆయన వైపు జరిపాను.

"నువ్వొక్కనివే అన్నవా భాయ్?" అంది అత్తమ్మ. "ఎట్లున్నవని అడిగితే నేను గూడ మంచిగున్న అనేదాన్నే. ఇంట్ల దాసుకొని కూసున్నది నేను కాదా? చాయ్ పొయ్యి, సల్లారుతది."

అత్తమ్మ ఇంటికి వచ్చిన కొద్ది రోజులకే పెద్దసారు మళ్లీ వస్తున్నారని తెలిసింది. ఈసారి దవాఖాన చూడటానికి కాదు. మా గల్లీని ఆరోగ్య గల్లీగా ఎంచారట, ప్రశంసాపత్రం ఇస్తారట. గల్లీలో అందరి కంటే పెద్ద ఆడమనిషి చేతికి ఇస్తే ఫొటో బాగుంటుందని చిన్నసారు చెప్పి పంపాడు. అందరి కంటే పెద్ద ఆడమనిషి మా అత్తమ్మే. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. వాళ్లను తిట్టి పంపుదామని బయల్దేరబోతే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "తిట్టకు. రమ్మను."

ఆ ఉదయం చాయ్ భాయ్ మళ్లీ గల్లీ అంతా తిరిగాడు. ఈసారి చెప్పిన మాట వేరు. షామియానా వేసే కుర్రాళ్లు వచ్చేసరికి తాళం వేసిన తలుపు నుంచి గల్లీ మూల దాకా చెప్పులు వరుసగా ఉన్నాయి. రబ్బరు చెప్పులు, తెగిన చెప్పులు, పిల్లల బూట్లు. చిన్నసారు వాటిని తీసేయమని అరిచాడు, ఎవరూ కదల్లేదు. వరుసలో మొట్టమొదట అత్తమ్మ ఒంటి చెప్పు ఉంది. దాని వెనక కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టాను. భాయ్ హోటల్లో స్టవ్ ఆరిపోయి ఉంది. నేను ఈ గల్లీకి కోడలిగా వచ్చాక ఆ స్టవ్ ఆరడం చూడటం అదే మొదలు.

పెద్దసారు చెప్పుల పక్క నుంచి జాగ్రత్తగా అడుగులేస్తూ వచ్చారు. చేతిలో అద్దం కట్టిన పత్రం, వెనక శాలువా పట్టుకున్న మనిషి. నవ్వుతూ అడిగారు. "ఎలా ఉన్నారమ్మా?"

గల్లీ అంతా చాయ్ భాయ్ నోటి వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"కూసో సారూ," అంది అత్తమ్మ. ఎదురుగా ఉన్న స్టూలు చూపించింది. పత్రం, శాలువా మధ్యనున్న బల్ల మీద పెట్టించి ఆయన కూర్చున్నారు. "పోయినసారి నువ్వొచ్చినప్పుడు నేను గా ఇంట్ల దాసుకొని కూసున్న. సుట్టానికి పుండు సూపెట్టొద్దని మర్యాద జేసిన. అప్పుడు నా కాలికి అన్ని వేళ్లు ఉండె." ఆమె ఎడమ కాలు ఎత్తి ఆయన ముందున్న బల్ల మీద, శాలువా పక్కన పెట్టింది. "పిల్లా, కట్టిప్పు."

నేను కింద కూర్చుని కట్టు విప్పడం మొదలుపెట్టాను. ఫొటోల మనిషి కెమెరా దించేశాడు. వాసనకో, భయానికో పెద్దసారు మొహం పక్కకు తిప్పుకున్నారు.

"గటు కాదు బిడ్డా, గిటు సూడు," అంది అత్తమ్మ, పూలు అమ్మేటప్పటి మెత్తటి గొంతుతో. "నువ్వు సూసినంకనే నా కోడలు మళ్ల కడ్తది."

కట్టు చివర నా చేతిలో ఉంది. ఆయన ఇటు తిరిగేదాకా నేను ఆగాను.