కుట్టు దాటేసిన కారు

ఆ వీధిలో అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అంటారు. కారు షెడ్డు ముందు ఆగే లోపే చప్పుడు విని, బానెట్ ఎత్తకుండా రోగం చెప్పేవాడు గనక ఆ పేరు. ముప్పయ్యేళ్ళుగా ఆ పేరు మీదే బతుకుతున్నాడు. అంతటి చెవి మేస్త్రికి రెండేళ్ళ క్రితం కుడి చెవి కాస్తా కొట్టు కట్టేసింది. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా దాచాడు. దాచే పద్ధతి కూడా సులువైనదే. వినపడని ప్రతిదానికీ తల ఊపి "ఊఁ" అనడం.

ఆ "ఊఁ"తో లోకంలో సగం పనులు జరిగిపోతాయి గానీ, కారు మాత్రం బాగుపడదు. నర్సమ్మ కారు అలాగే బాగుపడలేదు.

నర్సమ్మ ఇంటింటికీ తిరిగి మంచాన పడ్డవాళ్ళనీ, నెలలు నిండినవాళ్ళనీ చూసే మనిషి. యాక్సిలరేటర్ తొక్కితే కారు కుదుపులిస్తోందని వచ్చింది. మేస్త్రి పెట్రోల్ ఫిల్టర్ మార్చాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఇంజనుకు గాలి వెళ్ళే దారంతా శుభ్రం చేశాడు. ఇప్పుడు మూడోసారి వచ్చింది.

"మిమ్మల్ని అనాలని కాదు మేస్త్రిగారూ," అంది. "నిన్న వంతెన మధ్యలో చచ్చినంత పనైంది. ముందుకి పోదు, వెనక లారీ హారన్. అవతల ఒకావిడ నొప్పులు పడుతోంది. ఏదో అదృష్టం బాగుండి అందుకున్నాను."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఈ రోగం ఇవాళ పట్టుకోలేకపోతే షట్టర్ దించేసి ఇంట్లో కూర్చోవాలని అప్పటికప్పుడు నిర్ణయించుకున్నాడు. తన పొరపాటుకి పురిట్లో ఉన్న మనిషి ఎదురుచూడటమా!

"పదండి, వంతెన ఎక్కి చూద్దాం," అన్నాడు.

షెడ్డు మూలన కూర్చుని కార్ల సీట్లకి కవర్లు కుట్టే ఆయన భార్య, మిషను ఆపి లేచింది. వంతెన అవతల ఒకరికి కవర్లు ఇచ్చేది ఉందట. మూటతో సహా వెనక సీట్లో ఎక్కింది.

మేస్త్రే నడిపాడు. చదును రోడ్డు మీద కారు బుద్ధిమంతురాలిలా నడిచింది. వంతెన ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కగానే మొదలుపెట్టింది, గతుక్కు గతుక్కుమని. మేస్త్రి ఊపిరి బిగబట్టి విన్నాడు. ఒకప్పుడైతే ఆ చప్పుడు వలిచిన అరటిపండులా ఉండేది. ఇప్పుడు గాలి హోరు తప్ప ఏమీ తెలియలేదు. ఇంకాస్త తొక్కి చూశాడు.

"కుట్టు దాటేస్తోందండీ," అంది వెనక నుంచి భార్య.

"నీ కుట్ల గోల ఇప్పుడా?"

"గోల కాదు, వినండి. పల్చటి గుడ్డ మీద నా మిషను బాగానే పోతుంది. మడత దగ్గర రెగ్జిన్ మందం రాగానే నాలుగు కుట్లకి ఒకటి దాటేస్తుంది చూడండి, అచ్చం అలాగే ఉంది. బరువు పడ్డప్పుడే దాటేస్తోంది."

"నేను మొదటి రోజు నుంచీ చెబుతున్నది అదేగా!" అంది నర్సమ్మ. "ఎత్తు ఎక్కినప్పుడో, నలుగురు కూర్చున్నప్పుడో ఇలా అంటుందని. మీరు ఊఁ అన్నారు కూడా."

మేస్త్రికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు తను బానెట్ లోపలికి వంగి ఉన్నాడు. ఆవిడ కుడి పక్కన నిలబడింది.

నాలుగింటిలో ఒకటి దాటేస్తోందంటే పెట్రోలూ కాదు, గాలీ కాదు. ఇంజనులోని నాలుగు సిలిండర్లలో ఒకదానికి నిప్పురవ్వ అందడం లేదు. షెడ్డుకి రాగానే వెనక తలుపు తెరిచి ఉంచి, ముందు షట్టర్ సగానికి పైగా దించి చీకటి చేశాడు. నర్సమ్మని యాక్సిలరేటర్ తొక్కమన్నాడు. భార్య ఇస్త్రీకి వాడే నీళ్ళ సీసాతో దూరం నుంచి, ఆ నిప్పురవ్వని మోసుకెళ్ళే ప్లగ్గు వైర్ల మీద సన్నగా చిలకరించింది. మూడో వైరు మీద ఒక చోట నీలం మెరుపు చిటుక్కుమంది. పైకి నిగనిగలాడుతున్న వైరే, లోపల పగిలి నిప్పురవ్వని దారిలోనే వదిలేస్తోంది.

వైర్లు కొత్తవి వేసి, వంతెన మూడుసార్లు ఎక్కి దిగారు. కారు కిక్కురుమనలేదు.

"ఎంతైనా మీ చెవి చెవే మేస్త్రిగారూ!" అంది నర్సమ్మ సంబరంగా.

ఊఁ అంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా.

"నా చెవి కాదమ్మా," అన్నాడు. "కుడి చెవి రెండేళ్ళ నుంచీ పనిచేయడం లేదు. మీరు చెప్పింది వినకుండానే తల ఊపాను. తప్పు నాది. రోగం విన్నది మా ఆవిడ."

నర్సమ్మ కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ ఆయన చెవి వంక పరీక్షగా చూసి, రేపు పొద్దున్నే ఆసుపత్రికి రమ్మని, రాకపోతే తనే వచ్చి లాక్కుపోతానని చెప్పి వెళ్ళింది.

మేస్త్రి బిక్కమొహంతో భార్య వైపు తిరిగాడు. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా?"

"మిషను ఆ గోడ దగ్గర్నుంచి ఈ గోడకి ఎందుకు జరిపించాననుకున్నారు? వెలుతురు కోసమనా?"

వెలుతురు కోసమనే అనుకున్నాడు. ఒక్కొక్కటే గుర్తొచ్చింది. అన్నం దగ్గర ఎడమ పక్క. నడిచేటప్పుడు ఎడమ పక్క. పెళ్ళయిన దగ్గర్నుంచి మంచానికి కుడి వైపు పడుకునే మనిషి, కిటికీ గాలి పడటం లేదని చోటు మార్చుకుంది. అప్పుడు విసుక్కున్నాడు కూడా. రెండేళ్ళుగా ఆయన గుట్టు ఆయనకే తెలియకుండా కాపాడుతూ వచ్చింది. మేస్త్రికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నువ్వు లేకపోతే ఈ షట్టర్ ఎప్పుడో పడిపోయేదే," అన్నాడు.

"చాల్లెండి. అందరూ ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తారు. మీకు వదలడానికి రెండోది లేదుగా, ఇకనైనా నా మాటలు కాస్త లోపల ఉంచుకోండి," అంటూ కత్తెర కోసం షెడ్డు అటు పక్కకి వెళ్ళింది.

అక్కడి నుంచి ఏదో అంది. కుడి పక్క నుంచి. మేస్త్రి తల అలవాటుగా ఊగబోయింది. ఆపుకున్నాడు.

"వినపడలేదే. మళ్ళీ చెప్పు."

ఆవిడ కత్తెర పట్టుకుని ఎప్పటిలాగే ఆయన ఎడమ పక్కకి రాబోయింది.

"నువ్వక్కడే ఉండు," అని, ఈసారి ఆయనే తిరిగాడు.