వదినగారికి పోసిన ఊలాంగ్ టీ

అందరూ బాగున్నారా? మాచర్ల అక్కా, నీ మోకాళ్ళు ఎట్టున్నయ్యి? పేట బాబాయ్‌గారికి దగ్గు తగ్గిందా? గురజాల పిల్లలకి జ్వరాలంట, విన్నకాడి నుంచి నాకు గుండె దడ.

పోయిన నెల మా అమ్మాయి అత్తగారు సత్తెనపల్లి నుంచి ఊలాంగ్ అని చైనావాళ్ళు తాగే టీ పొట్లం తెచ్చింది. నాకేం తెలుసు, గేదెపాలు, అల్లం, పంచదార వేసి మరగబెట్టి ఇచ్చా. “ఏంది వదినగారూ, బంగారం తెచ్చిస్తే కుడితి చేశారే” అని చుట్టాలందరి ముందు నవ్వింది. నెల రోజులు నాకు అన్నం సయించలా. మనవరాలి చేత ఫోన్లో చదివించుకున్నా. అందులో చానా రకాలంట. పచ్చగా ఉండే రకానిది పూల వాసన. బాగా కాల్చిన రకానిది వేయించిన వేరుశనక్కాయల వాసన, బెల్లప్పాకం తీపి. పాలు పొయ్యగూడదంట. కాల్చిన రకం తెప్పించి దాచిపెట్టా.

ఈ రోజు ఆమె వచ్చింది. ఇరుగుపొరుగును కూడా పిలిచి, గ్లాసులో పోసిచ్చా. ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, “ఇదీ ఊలాంగ్ అంటే. పూల వాసన రాట్లా?” అంది అందరితో.

“పూల వాసన పచ్చ రకానికి వదినగారూ. ఇది కాల్చింది. జలుబు చేసిందా ఏంది?” అన్నా.

పక్కింటి పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వదినగారి మొహం చూసి నాకు కడుపు నిండింది. ఇప్పుడేమో భయం, ఆ కోపం ఇంటికెళ్ళి మా అమ్మాయి మీద చూపిద్దేమోనని. అయినా అన్న మాట వెనక్కి తీసుకోను. మీరైతే ఊరుకునేవాళ్ళా, చెప్పండి.

వదినగారు పోతా పోతా గుమ్మంలో నిలబడి, “వచ్చే ఆదివారం మీరే రండి, పచ్చ రకం పోస్తా” అంది. ఆదివారం పొద్దున తొమ్మిదింటి బస్సుకి పోతున్నా.