బాబాయి నమ్మని ఆట

వన్ టౌన్‌లోని మా బట్టల కొట్టులో బిల్లుల కోసం కంప్యూటర్ కొన్నప్పుడు, బిగించడానికి వచ్చినతను అందులో ఒక ఆట కూడా వేసి వెళ్లాడు. శత్రువుల కోట గెలవడమే ఆట. మన సైనికులు ఒక అడుగు వేస్తే, శత్రువులు ఒక అడుగు వేస్తారు. మనవాళ్లందరూ చనిపోతే మళ్లీ మొదటినుంచి ఆడాలి. అప్పుడు కోటలో గదులు, తలుపులు కూడా మారిపోతాయి.

మా బాబాయికి మొదటిరోజే అనుమానం వచ్చింది.

"నేను ఏ మూలకెళ్తే ఆ మూలే ఉంటారేంటమ్మా వీళ్లు? ఇది నా చెయ్యి చూసి ఆడుతోంది," అన్నాడు నాతో. నాకు మాత్రం అది కష్టమైన ఆటే గానీ దొంగాట అనిపించలేదు.

పక్కన గాజుల కొట్టు భాయ్ గారిదీ అదే మాట. "మోసమేం లేదండీ. తలుపు తియ్యగానే మీరు లోపలికి దూకేస్తున్నారు. కాస్త ఆగి చూడండి."

బాబాయి ఆయన్నీ అనుమానంగానే చూశాడు. కంప్యూటర్ బిగించినతన్ని తీసుకొచ్చింది ఆయనే మరి.

ఒక మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు బాబాయి ప్రతి తలుపు దగ్గరా ఆగి, గోడ చాటునే నడిచి, కోట గెలిచేశాడు.

"చూశారా, నేను చెప్పలా?" అన్నారు భాయ్ గారు సంబరంగా.

బాబాయి నవ్వలేదు. "ఇన్నాళ్లూ చంపింది, ఇవాళెందుకు వదిలేసిందంటారు?" అన్నాడు.

ఆ తర్వాత తను మళ్లీ ఆడలేదు. భాయ్ గారు వచ్చి ఆడుతుంటే మాత్రం వెనకాలే కుర్చీ వేసుకుని, కాపలా కాస్తున్నట్టు తెరకేసి చూస్తూ కూర్చునేవాడు.