కంచె దగ్గర చెప్పులు విడిచిన సారు

నా అక్షరం కోడి గెలికినట్టు ఉంటుంది. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట ఉంటాయి. చదివేవారు మన్నించాలి. ఊరి బడిలో నాలుగు ముక్కలు నేర్చాక నా చేతికి కత్తెర వచ్చింది గాని కలం రాలేదు.

మొన్న కొత్తగూడెం బస్సు మా స్టేజీ దగ్గర ఆగినప్పుడు కండక్టరు తల బయటపెట్టి, "టైలర్ తాతా, మీ కంచె సారు పోయిండంట. గుండెనొప్పి" అని విజిల్ వేశాడు. బస్సు పోయింది. ఎవరిదో జాకెట్టు గుడ్డ చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

సారు కాలేజీలో చెట్ల పాఠం చెప్పేవారు. జూలూరుపాడు దాటి అడవి మొదలయ్యే చోట మా ఊరు. మా ఇంటికీ మా వదిన మిరప చేనుకూ మధ్య అడవి ఆముదం కంచె ఉంది. ఆ చెట్టును మేకలు కూడా ముట్టవు. సారు మాత్రం తన డాక్టరేటు చదువు కోసం దాని మీద పెద్ద పరీక్ష పెట్టుకుని, కాలానికొకసారి వచ్చి మా ముందు గదిలో దిగేవారు. వెంట ఐసుగడ్డలు వేసిన ఫ్లాస్కు, ఒక బ్లేడు, దువ్వుకోని తల.

మొదటిసారి తెల్లవారకముందే కంచె దగ్గర ఆయన్ని చూసి మా వదిన చీపురు తిరగేసింది. "ఎవర్రా నువ్వు? నా చేన్ల ఏం పని?" అని.

"అక్కా, నేను సారును. చెట్టు పాలు తీస్కుంటున్న."

"పాలు కావాల్నంటే బర్రె దగ్గరికి పోవాలె గాని కంచె దగ్గరికొస్తరా?"

సారుకు కోపం రాలేదు. గట్టు మీద కూర్చుని చెప్పారు. దెబ్బ తగిలితే ఒంట్లో పహరా కాసే కణాలు ఉరికొస్తాయట. అవి చేసే గలాటాయే వాపు. పహరా మంచిదే, పని అయినాక కూడా డ్యూటీ దిగకపోతేనే తిప్పలట. ఇక ప్రోటీన్ అంటే పొడుగాటి పూసల దండ. అందులో కొన్ని పూసల తునక పెప్టైడ్. ఈ చెట్టు పాలలో ఉన్న తునక కొసలు కలిసిపోయి గాజులాగా గుండ్రంగా ఉంటుందట. దాంతో ఆ గలాటా సద్దుమణుగుతుందా లేదా అన్నదే ఆయన పరీక్ష.

మా వదిన అంతా విని, "అట్లయితే మా ఆయనకు రెండు చుక్కలు పొయ్యి సారూ. పొద్దుమీకితే ఒకటే గలాటా" అంది.

సారు భయపడిపోయారు. "వద్దక్కా! లోపలికి పోతే విషం. గింజలైతే మరీ డేంజరు. కక్కి కక్కి పడిపోతడు."

"అయితే వద్దులే. రేపు ఆయన చేనుకు నీళ్లు పెట్టాలె."

ఎండాకాలం, వానాకాలం, చలికాలం, మూడు కాలాల్లోనూ అవే చెట్ల పాలు కావాలని సారు నా దగ్గర ఎర్ర దారం తీసుకుని, ఎంచుకున్న చెట్లకు గుర్తుగా కట్టుకున్నారు. చెట్టు మారితే లెక్కంతా పోతుందట. ఆ చదువు చూసే పై సారు మంచివాడు కాదని, ఈ ఏడు తప్పితే చదువు అక్కడితో ఆగిపోతుందని నాతో అన్నారు. నాకు ఓదార్చడం చేతకాదు. ఆయన చొక్కాకు ఊడిన గుండీ కుట్టి ఇచ్చాను.

వానాకాలం పాలు తీసుకుని వెళ్లారు. ఆ తరవాత ఆడవాళ్లు ఒకరి వెంట ఒకరు వచ్చి ఎర్ర దారం అడిగారు. ఉండ అయిపోయింది. పండగేదో వస్తోందనుకున్నాను. అడిగే అలవాటు నాకు లేదు.

చలికాలం సారు వచ్చి చూస్తే కంచె ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్ర దారాలే. ఒకచోట కొబ్బరి చిప్పలు, ఇంకోచోట గాజులు. సారు ఫ్లాస్కు కింద పెట్టి, దాని పక్కనే తానూ కూలబడ్డారు.

"ఎవరు కట్టిండ్రక్కా ఇవన్ని?"

"మేమే" అంది మా వదిన గర్వంగా. "నువ్వు పొద్దుగాల్నే లేచి, దారం కట్టి, కండ్లు మూసుకుని ఏందో గొణుగుతవు గదా. సదువుకున్న సారే మొక్కుతుండంటే ఊకెనే మొక్కుతడా? నేను గూడ కట్టిన. మా బర్రె పొదుగు వాపు దిగింది. ఇంక ఊరంత కట్టింది."

"నేను మొక్కలేదక్కా! మనసుల లెక్క రాసుకున్న! నా దారాలేవి?"

"నీ ముడులు జారిపోతుంటే మేమే ఇప్పి గట్టిగ కట్టినం. ఆడోళ్ల ముళ్లు, ఇగ ఊడవు."

సారు ముఖం చూడలేకపోయాను. రెండు కాలాల కష్టం ఆ ఎర్రదనంలో కలిసిపోయింది. ఆయన మొదళ్లకేసి వంగారు. "నా చెట్లకు బ్లేడు గాట్లన్న ఉంటయి. వెతకాల్నంటే..."

"గాట్లా? అవ్, చూసినం. తల్లికి దెబ్బ తగిలిందని పసుపు పెట్టినం."

సారు తలెత్తారు. "అన్నిటికీనా?"

"అన్నిటికెందుకు సారూ? దెబ్బ తగిలిన వాటికే."

అప్పుడు చూశాం. ఎర్ర దారాల మధ్య అక్కడక్కడ మొదళ్లకు దళసరిగా పసుపు ముద్దలు. సారు లేచి ఒక్కొక్క చెట్టునూ తడుముకుంటూ చిన్న పిల్లాడిలా నవ్వారు. అంతలోనే మళ్లీ దిగులు. "పసుపు గూడ వాపు తగ్గిస్తదంటరు. అది ఇది కలిస్తే ఎవరి గొప్పో ఎట్ల తేల్చాలె?" చివరికి పసుపు అంటని పై కొమ్మల నుంచి తీసుకున్నారు.

ఊరికే తీసుకోనిచ్చిందా మా వదిన? చెప్పులు విడవాలి, చెట్టుకు చెప్పి తీసుకోవాలి. కాలేజీ సారు వట్టికాళ్లతో చలికి వణుకుతూ, "తల్లీ, కొన్ని పాలు తీస్కుంటున్న. ఏమనుకోకు" అన్నారు. ఎదురుగా ఆడవాళ్లంతా తీర్పు చెప్పేవాళ్లలా నిలబడ్డారు. పని అయ్యాక ఆకు కాడ విరిచి పాలతో బుడగ ఊదడం ఆయన అలవాటు. ఆ రోజు ఊదిన బుడగ మా వదిన ముక్కు మీద పగిలింది.

సారు చదువు గట్టెక్కింది. గాజు గిన్నెలో పెంచిన కణాల గలాటా కొంత తగ్గిందట. "మరి మనుషులకు?" అని నేను అడిగాను. నేను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న అదేనేమో. "తెల్వదు టైలరన్నా. తెల్వదని ధైర్యంగ చెప్పనీకే ఇంత సదువుకున్న" అన్నారు. తరవాత కూడా వచ్చిపోయేవారు. చూసేవాళ్లు ఎవరూ లేకపోయినా కంచె దగ్గర చెప్పులు విడిచేవారు. నేను మిషన్ మీద నుంచి చూసేవాణ్ని.

కండక్టరు మాట మా వదినకు ఎలా చెప్పాలో తెలియక కంచె వైపు నడిచాను. నాకంటే ముందే ఆమెకు తెలిసిపోయింది. చెప్పులు పక్కన విడిచి, పసుపు గిన్నెతో పాత గాట్లున్న చెట్ల దగ్గర ఒక్కొక్కచోట ఆగుతోంది.

"ఏం చేస్తున్నవు వదినా?"

"సారు ఇంక రాడని చెప్తున్న మరిదీ. ఎదురు చూస్తయి గదా."

నేను కూడా చెప్పులు విడిచాను. కాడ విరిచి ఊదాను. బుడగ చేను మీదుగా కొంతదూరం పోయింది.

ఆయన వేరే ఊళ్ల కంచెలకూ పోయేవారని విన్నాను. వట్టికాళ్లతో నిలబడి చెట్టుతో మాట్లాడే మనిషిని మీ ఊళ్లో ఎవరైనా చూసి ఉంటే ఒక ముక్క జల్దీ రాయండి. అక్షరాలు వంకరగా ఉన్నా ఫరవాలేదు. నేను చదువుకుంటాను, మా వదినకూ చదివి వినిపిస్తాను. ఆమె కంచెకు చెప్పుకుంటుంది.