కిటికీలో మాత ముఖం ఎటు?

మొగుడు ఓడెక్కితే కిటికీలోని, ఓడవాళ్ళను కాపాడే కార్మెన్ మాత బొమ్మను సముద్రం వైపు తిప్పాలి, ఒడ్డుకు దిగితే ఇంట్లోకి తిప్పాలి. ఈ పద్ధతిని విసితాసియోన్‌కు, అదే మన విసీకి, అప్పజెప్పింది అత్తగారు. నౌకాదళంలో పనిచేసే లెయాంద్రోను కట్టుకున్న నాటి నుంచి ఆ బొమ్మను తిప్పీ తిప్పీ పీఠం రంగు అరిగిపోయింది. ఆయనతోపాటు రేవులు మారుతూ ఫెర్రోల్ నుంచి కార్తహేనాకు, అక్కణ్ణుంచి ఈ రోతా ఊరికి, సంసారాన్ని పెట్టెల్లో కుక్కి మోసినప్పుడు కూడా మాత మాత్రం ఆవిడ ఒళ్ళోనే ప్రయాణం చేసింది. "తల్లీ, మా ఆయన్ని ఒడ్డుకు చేర్చు, ఇక ఎక్కడికీ పంపకు" అని ప్రతిసారీ మొక్కేది.

మాత ఆలస్యం చేసిందే కాని మాట తప్పలేదు. నిరుడు లెయాంద్రో రిటైరై, పింఛనుతో, ఓడమీద జనాన్ని పనికి లేపే మెడలో ఈలతో సహా శాశ్వతంగా ఇంటికొచ్చాడు. చేసుకున్నవారికి చేసుకున్నంత!

మొదటి వారం పండగే. రెండో వారం ఆయన కన్ను వంటింటి మీద పడింది. ఓడ ఊగితే గిన్నెలు దొర్లకుండా అలమరలకు అడ్డుకర్రలు కొట్టాడు. మూడో అంతస్తు ఎప్పుడు ఊగుతుందో ఆయనకే తెలియాలి. బట్టలారేసే తాళ్ళకు ఓడముడులు వేశాడు. ఇక పొద్దు పొడవకముందే ఈల! ఆయన లేని ఇన్నేళ్ళలో ఫ్యూజులు మార్చినదీ, మామగారిని సాగనంపినదీ, కూతురి పెళ్ళి చేసినదీ విసీయే. ఏడాదికి రెండుసార్లు చుట్టంలా వచ్చి వేపుడు చేపలు తిని పోయిన మనిషి ఇప్పుడు ఆవిడకు ఉల్లిపాయ తరగడం నేర్పుతున్నాడు.

"విసీ, ఈ ఉప్పుడబ్బా ఎవరి అధీనంలో ఉంది?"

"నీ అధీనంలో లేదు. పక్కకు జరుగు."

"ఇంటికి ఒక క్రమం ఉండాలి కదా?"

"ఇన్నేళ్ళూ ఉంది నాయనా. నువ్వొచ్చాకే పోయింది!"

పక్కవాటా సలూద్ కూడా తగువుకొచ్చింది. చేపలవేటకు పోయిన మొగుణ్ణి సముద్రానికే వదులుకున్న పెద్దావిడ. "అమ్మడూ, మీ ఆయన నా తాళ్ళకూ ముడులేశాడే! నా లంగాలు కిందికి దిగట్లేదు, ఊరంతా చూస్తోంది."

"చూడనీ అక్కా, ఊరికీ కాలక్షేపం కావాలిగా."

నవ్వుతో గడిచిపోయేదే. కాని ఒకరోజు విసీ బజారునుంచి వచ్చేసరికి ఆవిడ చెక్కరోలు బూడిదరంగులో మెరుస్తోంది. వాళ్ళమ్మ ఇచ్చిన రోలు. టమాటా, మిరపకాయ, రొట్టె, వెల్లుల్లి దంచీ దంచీ దానికే ఒక రుచి పట్టింది. లెయాంద్రో దాన్ని శుభ్రంగా గీకి, మిగిలిన ఓడరంగు రెండుపూతలు వేసి, మెచ్చుకోలు కోసం పక్కన నిలబడ్డాడు.

విసీ తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళి మాతను సముద్రం వైపు తిప్పేసింది.

లెయాంద్రో చూశాడు. "విసీ, ఇప్పుడు ఓడమీద ఎవరున్నారు?"

ఆవిడ చేపకు పొలుసు తీయడం మొదలుపెట్టింది. అర్థం కాక కాదు, అర్థమయ్యే ఆయన ముఖం పాలిపోయింది. మెడలో ఈల తీసి సొరుగులో పెట్టాడు. మర్నాడు రేవుకు వెళ్ళి, అవతలి ఒడ్డునున్న కాదిస్‌కు జనాన్ని దాటించే బోటులో తాళ్ళు కట్టే పనికి కుదిరాడు. పొద్దున పోయి మధ్యాహ్నం భోజనానికి వచ్చేవాడు. మహాసముద్రాలు దాటిన మనిషికి అదొక బోటూ, అదొక యానమూనా! విసీ ఇల్లు విసీకి దక్కింది. ఆవిడ హాయిగా కాళ్ళు చాపుకుని కాఫీ తాగింది, గెలిచాననుకుంది.

వారం తిరగకుండానే తూర్పుగాలి రేగింది. భోజనాల వేళ దాటింది, మనిషి రాలేదు. బోటు కూడా కనిపించలేదు. ఫోన్ చేస్తే ఎత్తడు. ఆయన ఎక్కడో దూరదేశపు తుఫాన్లలో ఉన్నప్పుడు ఒళ్ళెరగక నిద్రపోయిన విసీ, ఇప్పుడు కిటికీ వదల్లేదు. సలూద్ వచ్చి పక్కన కూర్చుంది.

"పెద్ద దూరమేం కాదుగా అక్కా. కాదిస్ కంటికి కనిపిస్తూనే ఉంది."

"మా ఆయన పోయింది కంటికి కనిపించే దూరంలోనే అమ్మడూ."

విసీ మాత ముందు మోకరిల్లింది. తల్లీ, కోపంలో తిప్పాను, నువ్వు నిజమనుకున్నావా? నా రోలు పోతే పోనీ, నా మనిషిని నాకియ్యి అని ఏడ్చింది.

సాయంత్రం తలుపు తెరుచుకుంది. లెయాంద్రో పసుపుపచ్చ ముఖంతో గోడ పట్టుకుని నిలబడ్డాడు. "గాలికి బోట్లు ఆపేశారు. బస్సులో చుట్టూ తిరిగి వచ్చాను. దారంతా వాంతులే విసీ."

"ఫోన్ ఎత్తడానికేం రోగం నీకు, దున్నపోతా!"

"పనిమీద ఉన్నప్పుడు ఇంటి నుంచి ఫోన్ రావడం అలవాటు లేదు. మోత ఆపేసి సొరుగులో పెట్టిపోయాను, ఈలతోపాటు."

సలూద్ సిలువ గీసుకుని లేచిపోయింది. లెయాంద్రో కిటికీవైపు చూశాడు. "నేను తిప్పనా?"

"ముట్టుకున్నావో, చెయ్యి విరుగుతుంది. అది నా పని." విసీ కళ్ళు తుడుచుకుని మాతను ఇంట్లోకి తిప్పింది. "రేపు పొద్దున మళ్ళీ అటే తిప్పుతా. భోజనం వేళకి ఇటు తిప్పుతా. వేళకి రాక, నాచేత ఇటు తిప్పించకుండా చేశావో, చంపుతాను."

"చిత్తం," అన్నాడు లెయాంద్రో, ఓడమీద అధికారికి చెప్పినట్టే. చెప్పి, బూడిదరంగు రోలు ఒళ్ళో పెట్టుకుని, వేసిన రంగు గీకడానికి కూర్చున్నాడు.