బలరాం పంపు, గున్నమ్మ డబ్బా

భిలాయిలో మా మరోదా సెక్టారులో అందరూ ఆయన్ని పంపు బలరాం అంటారు. స్టీలు ప్లాంటు పంపుహౌస్‌లో ముప్పయ్యారేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మనిషి వెన్నే కానీ, ఎవరింట్లో కుళాయి కారుతోందన్నా పిలవకుండానే రెంచి పట్టుకుని దిగిపోతాడు. ఓసారి మా వంటింటి సింకు విప్పిపెట్టి, వాషరు తెస్తానని పవర్ హౌస్ బజారుకి వెళ్ళి, అక్కడ ఎవరిదో మోటారు బాగుచేస్తూ సాయంత్రం దాకా ఉండిపోయాడు. ఆ రోజు నేను పెట్టిన చీవాట్లు ఆయన భార్య గున్నమ్మ ఇప్పటికీ నవ్వుతూ గుర్తుచేస్తుంది.

గున్నమ్మది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. ఆమెకు పన్నెండేళ్ళప్పుడు తండ్రి పడవలోకి నీళ్ళొచ్చాయి. వెంట ఉన్న అన్న చేతులు పడిపోయేదాకా డబ్బాతో తోడాడు. ఒడ్డున నిలబడి ఈమె అంతా చూసింది. అన్న ఈదుకుంటూ వచ్చాడు, తండ్రి రాలేదు. పెళ్ళీడు వచ్చాక, సముద్రం కనపడని ఊరి సంబంధమైతేనే చేసుకుంటానని మొండికేసి భిలాయి చేరింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో పడవన్నది ఎక్కలేదు.

బలరాంకి ఉన్న కోరికల్లా ఒక్కటే. మా మరోదా డ్యాంలో భార్యని పడవెక్కించి ఆ ఒడ్డుకి తీసుకెళ్ళాలి.

"నాను నీళ్ళ మనిషిని టీచరమ్మా. నా పెళ్ళానికేమో నీళ్ళంటే బయం. ఇన్నేళ్ళు డూటీ సేసి ఏటి లాభం?" అనేవాడు.

భయపడే మనిషిని వదిలెయ్యరాదా అని నాకు ఒళ్ళు మండేది. కానీ ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం చూస్తే తిట్టబుద్ధయ్యేది కాదు.

కిందటేడు మా కాలనీ సంఘం, నిమజ్జనాలప్పుడు పనికొస్తుందని ఒక పాత ఫైబరు పడవ కొంది. దాని వెనకభాగంలో సన్నగా నీరు ఊరుతుంది. అందరూ తల పట్టుకుంటే బలరాం పండగ చేసుకున్నాడు.

"అడుగున సేరిన నీళ్ళు దానంతటదే తోడే పంపు బిగిస్తాను. అప్పుడెక్కుతావేటి?" అని భార్యనడిగాడు.

"బిగించు. అది తోడిందని నా కల్లతో సూత్తే, అప్పుడు సూద్దాం" అంది గున్నమ్మ.

ఆ 'సూద్దాం' పట్టుకుని నెల్లాళ్ళు పనిచేశాడు. పడవలో పల్లమెక్కడో తెలియడానికి గోలీ వదిలి, అది ఆగిన చోట పంపు బిగించాడు. నీళ్ళు చేరగానే పంపుని నడిపే స్విచ్చు పక్కనే పెట్టాడు. పైపుని నేరుగా బయటికి తియ్యకుండా, పడవ అంచు దాకా ఎత్తి, వంచి దించి, పడవ పక్కగోడకి చేసిన రంధ్రానికి ఎల్బో అనే ప్లాస్టిక్ వంపుముక్కతో కలిపాడు. "ఈ మెడలాటి వంపు నేకపోతే బయట నీళ్ళు ఎనక్కొచ్చెస్తాయి టీచరమ్మా" అని నాకు పాఠం చెప్పాడు. ప్రతి జాయింటుకీ రెండేసి క్లిప్పులు వేశాడు. మా సింకుకి ఒక్క వాషరు వెయ్యడానికి మాత్రం ఆయనకి తీరిక లేకపోయింది!

కార్తీకమాసంలో ఒక ఆదివారం పొద్దున్న పరీక్ష పెట్టాడు. డ్యాం అంచున మోకాలి లోతులో పడవ, అందులో బలరాం, ఆయన కొడుకు మనోజ్‌కుమార్. ఒడ్డున నేనూ, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని గున్నమ్మా కూర్చున్నాం. మనోజ్ ఇక్కడే పుట్టి పెరిగాడు. కలలు కూడా హిందీలోనే వస్తాయేమో. వాడికి మూడేళ్ళు తెలుగు చెప్పింది నేనే కాబట్టి, తర్వాత జరిగిన దాంట్లో నాకూ వాటా ఉంది.

బలరాం బకెట్లతో పడవలోకి నీళ్ళు పోశాడు. పంపు బుయ్‌మంది. బయటికి మాత్రం చుక్క రాలేదు. ఎక్కడో గాలి పట్టినట్టుంది. పంపు మీదికి వంగి, కాస్త నీళ్ళు తగ్గించమని కొడుక్కి కేక పెట్టాడు.

"ఒరే, తోడెయ్! తోడెయ్‌రా!"

స్పానరు పట్టుకుని ఎల్బో దగ్గర కూర్చున్న మనోజ్ తెల్లబోయాడు. పాపం, ఒకసారి అడిగాడు కూడా. "తోడ్ దూఁ? పక్కా, పాపా?"

"అవున్రా, బేగి తోడు!"

హిందీలో తోడ్ అంటే విరగ్గొట్టమని. వాడు స్పానరెత్తి ఒక్కటేశాడు. ఎల్బో రెండు ముక్కలైంది. సరిగ్గా అప్పుడే పంపులో గాలి వదిలి, నీళ్ళన్నీ ఎగజిమ్మి బలరాం ముఖాన పడ్డాయి. ఏమైందోనని తండ్రీకొడుకులిద్దరూ ఆ పక్కకే వంగారు. పడవ ఒరిగింది, రంధ్రం నీళ్ళలో మునిగింది, డ్యాం నీళ్ళు లోపలికి దూకాయి.

నేను పగలబడి నవ్వుతూ గున్నమ్మ వైపు తిరిగాను. పక్కన ఆమె లేదు. వేడి పులిహోరంతా నా ఒళ్ళో ఉంది.

కుచ్చిళ్ళు ఎగ్గట్టి, ఖాళీ డబ్బాతో నీళ్ళలో పడి పరుగెత్తి, ఆ పడవ ఎక్కేసింది.

"ఆ పక్కకెల్లి కూకో అయ్యా! నువ్వు ఆ కన్నంలో తువ్వాలు కుక్కరా!" అని ఇద్దర్నీ నెట్టి తోడడం మొదలెట్టింది. "తోడడమంటే ఇదిరా, ఎదవా! సూడు!"

అరవయ్యేళ్ళ మనిషి, పడవ అడుగు కనపడేదాకా డబ్బా ఆపలేదు. అడుగు కనపడ్డాక ఆగి, తను ఎక్కడుందో అప్పుడు చూసుకుంది. డబ్బాని గుండెకి హత్తుకుంది.

బలరాం ముఖం తుడుచుకోలేదు. "దిగిపోతావేటే?" అన్నాడు మెల్లగా.

ఆమె నేను కూర్చున్న ఒడ్డు వైపు చూసింది.

"ఆ దినం నాను ఒడ్డునే ఉండిపోనాను" అంది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని, "ఆ ఒడ్డుకి పోనీ. నీ పంపు రేపు సూసుకుందువు" అంది.

మనోజ్ దిగి పడవని తోశాడు. బలరాం తెడ్డు వేశాడు. గున్నమ్మ మధ్యమధ్య ఒక డబ్బా నీళ్ళు తోడిపోస్తూ, వెనక్కి చూడకుండా కూర్చుంది. వాళ్ళు నడిమధ్యకి చేరేసరికి నాకు ఏడుపు ఆగలేదు. తుడుచుకుందామంటే చేతులనిండా పులిహోర.