గంట కొట్టినా ఆగని తవిటమ్మ

తవిటమ్మకు నాయనమ్మ పేరు పెట్టారు. శ్రీకాకుళంలో ఆ పిల్ల చదివే డిగ్రీ కాలేజీలో అలాంటి పేరు ఇంకెవరికీ లేదు. పాతపట్నం దాటి కొండవైపు వెళ్తే వాళ్ళ ఊరు. తండ్రి జగన్నాధానికి రెండెకరాల వరి, మెట్ట మీద ఎకరం మొక్కజొన్న. ఆ ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటి మనిషి తవిటమ్మే.

రెండో ఏడులో వాళ్ళకు పబ్లిక్ స్పీకింగ్ అని కొత్త కోర్సు పెట్టారు. వారానికి రెండు క్లాసులు. చివర్లో ఐదు నిమిషాల ఉపన్యాసం, దానికి యాభై మార్కులు. చెప్పేది విశ్వనాథ్ గారు. తరతరాలుగా గుడిలో అర్చకత్వం చేసిన ఇంట పుట్టి, స్వరం తప్పినప్పుడల్లా తండ్రి చేత మొట్టికాయ తింటూ మంత్రం నేర్చుకున్న మనిషి. ఎదుటివాళ్ళ పలుకు తప్పితే ఆయనకు పంటి కింద రాయి పడ్డట్టుండేది. అందుకని బల్ల మీద చిన్న ఇత్తడి గంట పెట్టుకున్నారు. తప్పు దొర్లగానే టింగుమని కొట్టేవారు. మాట్లాడేవాళ్ళు అక్కడే ఆగి, దిద్దుకుని, మళ్ళీ అందుకోవాలి.

మొదటి రోజు అందరూ తమ ఊరి గురించి రెండు నిమిషాలు మాట్లాడాలన్నారు.

"నా పేరు తవిటమ్మండి. మా ఊరు గురించి సెప్తాను," అంది తవిటమ్మ.

టింగ్. "చెప్తాను," అన్నారు విశ్వనాథ్ గారు.

"చెప్తాను. మా ఊరి సుట్టూ కొండలే..."

టింగ్. "చుట్టూ."

క్లాసంతా నవ్వింది. రెండు నిమిషాల్లో గంట పదకొండుసార్లు మోగింది. ఆఖరికి తను ఏం చెప్పాలనుకుందో తవిటమ్మకే గుర్తు లేకుండా పోయింది. వచ్చి బెంచీ మీద కూలబడింది.

హాస్టల్లో ఆమె గదిలో ఉండే రాణిది గజపతినగరం. "ఆ నాలుగు మాటలూ దిద్దేసుకోవే, గొడవొదిలిపోతాది," అంది.

"దిద్దుకోడం ఎంతసేపే? మా నాన మాట తప్పని నేనే ఒప్పేసుకున్నట్టవదా?" అంది తవిటమ్మ.

మర్నాడు నేరుగా స్టాఫ్ రూముకి వెళ్ళింది. "మాటాడ్డం అయిపోయాక తప్పులన్నీ ఒక్కసారే సెప్పండి సార్. మద్దిలో గంట కొడితే సెప్పేది పోతంది," అని అడిగింది.

ఆయన కోప్పడలేదు. "అక్కడికక్కడే పట్టుకోకపోతే అలవాటు పోదమ్మా. రేపు ఇంటర్వ్యూలో నిన్ను చూసి నవ్వుతారు. నా మొదటి ఇంటర్వ్యూలో నా మాట విని నవ్వారు కాబట్టి చెప్తున్నాను," అన్నారు.

ఆయన మాటలో కల్మషం లేదని తవిటమ్మకు తెలుస్తూనే ఉంది. అయినా నోరు ఊరుకోలేదు. "నవ్వినోల్లది తప్పు సార్. మీదేటుంది?"

విశ్వనాథ్ గారు పేపర్లు దిద్దుకోవడంలో పడిపోయారు. గంట మాత్రం బల్ల మీదే ఉంది.

ఆ సాయంత్రం నుంచి హాస్టల్ మేడ మీద కొత్త చదువు మొదలైంది. తవిటమ్మ మాట్లాడుతుంటే రాణి ఎదురుగా కూర్చుని స్టీలు కంచం మీద గరిటెతో కొట్టాలి. ఎన్నిసార్లు కొట్టినా తవిటమ్మ ఆగకూడదు. మొదట్లో చప్పుడవగానే నాలుక మడతపడేది. "ఆగిపోయేవు, మల్లీ మొదలెట్టు!" అని రాణి అరిచేది. కింద గదుల వాళ్ళు వీళ్ళకేదో పట్టిందనుకున్నారు. ఆరు వారాలు గడిచేసరికి కంచానికి సొట్టలు పడ్డాయి గానీ, తవిటమ్మ మాట తెగడం మానేసింది.

పరీక్షకు విజయనగరం నుంచి లక్ష్మీకామేశ్వరి గారనే మేడమ్ వచ్చారు. తవిటమ్మకు ముందు పృథ్వీరాజ్ అనే కుర్రాడు క్రమశిక్షణ గురించి మాట్లాడాడు. గంట ఒక్కసారి కూడా మోగలేదు. చప్పట్లు పడ్డాయి. తర్వాత తవిటమ్మ లేచింది.

"ఏనుగు నడిస్తే సప్పుడవదు," అంది.

టింగ్.

తవిటమ్మ ఆగలేదు. "అంత జంతువు ఎండాకు మీద కాలేసినా మనకినపడదు. ముందు వాసనొస్తాది. పోయినేడు తెల్లారగట్ల మా నాన సేలోకి ఎల్తే ఆ వాసనే వొచ్చిందట. పశువులనుకున్నాడు."

టింగ్. టింగ్. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. విశ్వనాథ్ గారు చెయ్యెత్తి, "ఆగు," అన్నారు. తవిటమ్మ గొంతు ఒక మెట్టు పెంచింది.

"తలెత్తి సూసేసరికి మొక్కజొన్న మీంచి తొండం లేచింది. మా నాన ఎనక్కి పరిగెట్టి గట్టు మీంచి పడ్డాడు. అక్కడ పడున్న మనిషి..."

టింగ్.

"గంటాపండి సార్, ఇనపడతల్లేదు!" అన్నారెవరో వెనకనుంచి. ఇందాక నవ్విన గొంతుల్లో ఒకటది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. విశ్వనాథ్ గారు గంట మీంచి చెయ్యి తీసేశారు.

"కాలిరిగింది గానీ పేనం దక్కింది," అంది తవిటమ్మ. "తరవాత సానామంది వొచ్చారు. ఫొటోలు తీసారు. జాగర్తగుండాలని సెప్పారు. ఏనుగులు పక్కూర్లో దిగాయని ముందురోజు ఒక్కలు సెప్పుంటే మా నాన సేనుకెల్లేవోడు కాదు. మాకు ఎవుల జాలీ అక్కర్లేదు. కబురు కావాల."

లక్ష్మీకామేశ్వరి గారు అడిగింది ఒకటే ప్రశ్న. "మీ నాన్నగారు ఇప్పుడు నడుస్తున్నారా అమ్మా?"

"నడుస్తన్నాడండి. కొంచెం కుంటుతాడు."

ఉచ్చారణకు పదికి సున్నా వచ్చింది. మొత్తం ముప్పై ఒకటి. జిల్లా ఉపన్యాస పోటీకి కాలేజీ తరఫున పృథ్వీరాజ్‌ను పంపారు.

మార్కులు చూసుకున్న రోజే తవిటమ్మ ఒక దినపత్రిక పట్టుకుని స్టాఫ్ రూముకి వెళ్ళింది. "ఒక్క నిమిషం సార్," అని సంపాదకీయం మొదటి నుంచి చివరిదాకా చదివింది. 'చ'లు 'చ'లుగా, ఒత్తులు ఒత్తులుగా, ఎక్కడా వేలు పెట్టడానికి లేకుండా చదివింది.

విశ్వనాథ్ గారు కళ్ళజోడు తీశారు. "ఇంత చక్కగా వచ్చినదానివి ఆ రోజు ఎందుకలా మాట్లాడావు?"

"రాక కాదు సార్. ఆ రోజు సెప్పింది మా నాన సంగతి. అది మా నాన మాటలోనే సెప్పాల."

"మార్కులు నేనిప్పుడు మార్చలేనమ్మా."

"మార్చమని రాలేదండి," అని దండం పెట్టి వచ్చేసింది.

డిగ్రీ అయ్యాక ఊరికొచ్చింది. ఏనుగుల కబురు ముందుగా తెలిసే ఏర్పాటు చెయ్యాలని చుట్టుపక్కల రైతులను కూడగట్టింది. ఏడాదిన్నర పాటు మీటింగు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి మైకు అడిగింది. ఇవ్వనప్పుడు మైకు లేకుండానే మాట్లాడింది. చివరికి, ఏనుగులు దగ్గరకు రాగానే ఊళ్ళ ఫోన్లకు గొంతుతో హెచ్చరిక పంపడానికి అటవీ అధికారులు ఒప్పుకున్నారు. ఆ గొంతు తవిటమ్మదే అయితే బాగుంటుందని రైతులే అన్నారు.

రికార్డు చెయ్యడానికి దేవేంద్ర అనే కుర్ర అధికారి వచ్చాడు. ఒకసారి విని, మొహమాటపడుతూ, "ఉచ్చారణ కొంచెం సరిచేసి మళ్ళీ చెప్తారా?" అన్నాడు.

"ఇది ఎవులికి ఎల్తాదండి?"

"ఈ చుట్టూ ఊళ్ళకే."

"అయితే వోల్లకి అర్థమవుతాది. మీకు కాపోతే సెప్పండి, మీకు విడిగా సెప్తాను. ఇది మాత్రం మార్చను."

దేవేంద్ర నవ్వేసి అదే ఉంచాడు.

ఈ శీతాకాలం ఒక సాయంత్రం ఊళ్ళో ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. "ఏనుగులు వస్తన్నాయి. సేలకి ఎల్లకండి. పిల్లల్ని బయటకి ఒగ్గీకండి," అంది తవిటమ్మ గొంతు. పక్కింటి లక్ష్మణమ్మ ఆ మాట విని కూడా, మెట్టలో కట్టిన ఆవును తోలుకొస్తానని కొడవలి తీసుకుని బయల్దేరింది. తవిటమ్మ వీధికి అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడే ఫోన్లో ఏటి సెప్పేను పిన్నీ?"

"ఓలమ్మో, ఫోన్లోనూ అరిసి, వీదిలోనూ అరుస్తావేటే?"

"అరుస్తాను. నువ్వు ఇంట్లోకి ఎల్లేదాకా అరుస్తాను."

లక్ష్మణమ్మ సణుక్కుంటూ వెనక్కి తిరిగింది. ఆమె లోపలికి వెళ్ళి తలుపు గడియ వేసుకునేదాకా తవిటమ్మ వీధిలోంచి కదల్లేదు.